పుదీనా వేస్తే కాక్‌టెయిల్, ఇప్పపువ్వుతో కాస్తే కేసు

కొంచెం పెద్ద పోస్టు. తీరిక చూసుకుని చదవండి.

ఈసారి ఒక డ్రింక్ గురించి రాస్తున్నాను. పేరు మింట్ జులెప్. విస్కీ, పుదీనా, చక్కెర, ఐసు, ఇంతే సామాను. ఎండాకాలం వచ్చిందంటే చాలు, "ఇంట్లోనే చల్లగా చేసుకోండి" అని దీని వీడియోలు ఫోన్లలో తిరుగుతుంటాయి. మా హాస్టల్లో అమ్మాయిలు కూడా చూస్తారు. గ్లాసు మెరుస్తుంటుంది, వెనకాల మ్యూజిక్ వస్తుంటుంది, చేసేవాడు చొక్కా చేతులు మడిచి నీటుగా నిలబడి ఉంటాడు. చూసినవాళ్ళు "ఎంత క్లాస్‌గా ఉంది కదే" అంటారు. అదే నోటితో, నేను ఏజెన్సీ నుంచి వచ్చానని తెలిస్తే, "మీ ఇళ్ళల్లో సారా కాస్తారట కదా" అంటారు. నవ్వుతూనే అంటారు. కానీ ఆ నవ్వు ఎలాంటిదో ఇక్కడ చాలామందికి చెప్పక్కర్లేదు.

రెండూ మందే. మరి ఒకటి క్లాస్ ఎలా అయింది, ఇంకొకటి సిగ్గు ఎలా అయింది? ఈ ప్రశ్న పట్టుకుని కొన్ని రోజులు చదివాను. తెలిసింది ఇక్కడ పెడుతున్నా.

ముందే ఒక మాట. ఇది తాగమని చెప్పే పోస్టు కాదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్ళు నిండనివాళ్ళకు మందు అమ్మకూడదు. నాకు 20. నేను మింట్ జులెప్ తాగలేదు, ఇప్పసారా కూడా తాగను. కానీ తాగనంత మాత్రాన దాని గురించి మాట్లాడే హక్కు లేకుండా పోదు కదా.

ముందు ఆ డ్రింక్ ఎలా చేస్తారో చూద్దాం. ఒక గ్లాసులో ఒక చెంచా చక్కెర పొడి, రెండు చెంచాల నీళ్ళు, కొన్ని పుదీనా రెమ్మలు వేస్తారు. కర్రతో మెల్లగా నొక్కుతారు. పచ్చడికి నూరినట్టు నూరకూడదు. పుదీనా వాసనంతా ఆకు పైనే, సన్నటి నూనె తిత్తుల్లో ఉంటుంది. కొంచెం ఒత్తితే చాలు, బయటికొస్తుంది. ఎక్కువ నలిపితే ఆకు చిరిగి పసరు దిగి చేదెక్కుతుంది. తర్వాత గ్లాసు నిండా బాగా నలగ్గొట్టిన ఐసు పోస్తారు. దాని మీద 60 మిల్లీలీటర్ల విస్కీ పోసి, గ్లాసు బయట మంచులాగా తెల్లగా పట్టేదాకా తిప్పుతారు. పైన ఒక పుదీనా రెమ్మ గుచ్చుతారు. అది అందానికి మాత్రమే కాదు. తాగేటప్పుడు ముక్కు ఆ రెమ్మ దగ్గరికి వస్తుంది, నాలుకకంటే ముందు వాసన తగులుతుంది. అమెరికాలో దీన్ని వెండి గ్లాసుల్లో ఇవ్వడం ఒక మర్యాద.

దీంట్లో పోసే విస్కీ పేరు బోర్బన్. అందులో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో నిలవ పెట్టాలి. ఇది అక్కడి చట్టం. అంటే మొక్కజొన్న పండించే పల్లెటూరి రైతులు తమ గింజల్ని పులియబెట్టి కాచుకున్న సారాయే అది. అక్కడ దాన్ని దేశానికి గౌరవంగా చూస్తారు. 1964లో అమెరికా పార్లమెంటు బోర్బన్ తమ దేశపు ప్రత్యేక వస్తువని తీర్మానం కూడా చేసింది.

జులెప్ అనే మాట కూడా ఆశ్చర్యంగానే ఉంది. ఇది ఇంగ్లీషులో పుట్టింది కాదు. పారసీలో గుల్ అంటే పువ్వు, గులాబీ పువ్వు. ఆబ్ అంటే నీళ్ళు. గులాబ్ అంటే గులాబీ నీళ్ళు. అది అరబ్బీలోకి పోయి జులాబ్ అయింది, అక్కడి నుంచి యూరప్‌కి పోయి జులెప్ అయింది. మనం గులాబీ అనేదీ ఆ మాట నుంచి వచ్చిందే. మొదట్లో జులెప్ అంటే మందులు మింగడానికి ఇచ్చే తీపి నీళ్ళు. అంటే ఆ క్లాస్ డ్రింక్ పేరుకి అసలు అర్థం పువ్వు నీళ్ళు. ఇది చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ గంపలో ఎండబెట్టిన ఇప్పపువ్వే గుర్తొచ్చింది. దాని సంగతికి తర్వాత వస్తాను. ముందు ఈ డ్రింక్‌ని చేసిన చేతులు ఎవరివో చెప్పాలి.

మింట్ జులెప్ అంటే అమెరికాలో కెంటకీ రాష్ట్రం గుర్తొస్తుంది. అక్కడ లూయీవిల్ నగరంలో ప్రతి ఏడాది మే నెల మొదటి శనివారం పెద్ద గుర్రప్పందెం జరుగుతుంది. పేరు కెంటకీ డెర్బీ. పెద్ద పెద్ద టోపీలు పెట్టుకున్న ధనవంతులు జులెప్ గ్లాసులు పట్టుకుని ఫోటోలు దిగుతారు. ఆ పందెం మొదటిసారి 1875లో జరిగింది. అప్పుడు 15 మంది రౌతులు పాల్గొంటే 13 మంది నల్లజాతివాళ్ళే. గెలిచిన ఆలివర్ లూయిస్ కూడా నల్లజాతి యువకుడే. తర్వాత కొన్నేళ్ళకు జాతివివక్ష వాళ్ళని ఆ మైదానం నుంచే తోసేసింది.

గ్లాసు సంగతి కూడా అంతే. దక్షిణాది పెద్ద ఇళ్ళల్లో ఐసు పగలగొట్టింది, పుదీనా కోసుకొచ్చింది, జులెప్ కలిపి పళ్ళెంలో పెట్టి తెచ్చింది ఎక్కువగా బానిసలు, బానిసత్వం పోయాక నౌకర్లు. పేరు మాత్రం యజమానుల ఆతిథ్యానికి వచ్చింది.

వాళ్ళలో ఒకాయన పేరు టామ్ బులక్. 1872లో లూయీవిల్‌లో పుట్టాడు. పెద్దమనుషుల క్లబ్బుల్లో డ్రింకులు కలిపేవాడు. 1917లో తనకు తెలిసిన పద్ధతులన్నీ 'ది ఐడియల్ బార్టెండర్' అని పుస్తకంగా వేశాడు. అమెరికాలో కాక్‌టెయిల్ పుస్తకం అచ్చు వేయించిన మొదటి నల్లజాతి రచయితగా ఆయన్నే చెప్తారు. అందులో కెంటకీ పద్ధతి మింట్ జులెప్ కూడా ఉంది. ఆయన గురించి ఒక తమాషా సంగతి. మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ తనని తాగుబోతు అని రాసిన పత్రికాయన మీద 1912లో పరువునష్టం దావా వేశాడు. కోర్టులో, సెయింట్ లూయీ క్లబ్బులో ఇచ్చిన జులెప్‌ని కొంచెం రుచి చూశానే కానీ పూర్తిగా తాగలేదని చెప్పాడు. ఆ ఊరి పత్రిక ఎగతాళి చేసింది: టామ్ కలిపిన జులెప్‌ని సగంలో వదిలిపెట్టే మనిషి ఎవరైనా ఉంటారా అని. చూడండి, గొప్పవాళ్ళ పత్రికకే ఆయన చేతి రుచి అంత తెలుసు.

ఇంకొకాయన నియరెస్ట్ గ్రీన్. టెనెసీ రాష్ట్రంలో బానిస. ఒక చర్చి బోధకుడి పొలంలో విస్కీ కాచేవాడు. అక్కడ పనికి చేరిన ఒక తెల్ల కుర్రవాడికి ఆ విద్య నేర్పాడు. ఆ కుర్రవాడే జాక్ డేనియల్. ఆ పేరుతో ఉన్న సీసా ఇవాళ ప్రపంచమంతా తెలుసు. బానిసత్వం పోయాక ఆ కంపెనీకి మొదటి విస్కీ మేస్త్రీ కూడా నియరెస్ట్ గ్రీనే. కానీ ఆ కంపెనీ ఆయన పేరు బయటికి గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది 2016లో. దాదాపు 150 ఏళ్ళు పట్టింది. అప్పటిదాకా ఆ పేరుని మోసింది ఎవరు? ఆయన వారసులు, ఆ ఊరి ముసలివాళ్ళు. ఇళ్ళల్లో చెప్పుకుంటూ వచ్చారు కాబట్టే ఆ పేరు మిగిలింది.

నాకు అర్థమైంది ఇది. తాగే వస్తువులో పెద్ద తేడా లేదు. గ్లాసు ఎవరి చేతిలో ఉంది, దాని గురించి ఎవరు రాశారు, చట్టం ఎవరు చేశారు, తేడా అంతా అక్కడుంది. ఇదే కొలత పట్టుకుని ఇప్పుడు మన ఇంటికి వద్దాం.

ఇప్పచెట్టు మనకి ఏమిటో ఈ గ్రూపులో ఎవరికీ చెప్పక్కర్లేదు. అయినా రాస్తా. చెప్పక్కర్లేదు అనుకునే కదా మనం ఏదీ రాసుకోలేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున పువ్వు రాలుతుంది. ముందురోజే చెట్టు కింద ఆకులు ఊడ్చి పెడతారు. చీకటితో గంపలు పట్టుకుని ఇంటిల్లిపాదీ పోతారు. ఎలుగుబంటి కూడా ఆ పువ్వుకే వస్తుంది, అందుకే ఒంటరిగా పోరు. ఏ చెట్టు ఎవరిదో ఊరందరికీ తెలుసు, కాగితం అక్కర్లేదు. తెచ్చిన పువ్వు ఎండబోస్తే ముడతపడి గోధుమరంగుకి తిరుగుతుంది. వానాకాలంలో గింజలు అయిపోయిన రోజుల్లో ఆ పువ్వునే ఉడకబెట్టుకుని తిని బతికామని అమ్మమ్మ చెప్తుంది. గింజల నుంచి నూనె తీసి దీపానికీ కూరకీ వాడారు. అంటే ఇప్ప మొదట అన్నం, తర్వాత నూనె, ఆ తర్వాతే సారా.

ఆ సారాకి కూడా మన ఊర్లల్లో ఒక పద్ధతి ఉండేది. పండుగకి, పెళ్ళి మాటలకి, చావుకి. ముందు భూమికీ పెద్దలకీ సాక పోసి, తర్వాత ఆకుదొప్పలో అందరికీ సమానంగా. రోజూ పొద్దున్నే తాగేవాణ్ణి ఊరు మెచ్చుకోలేదు. దానికీ ఒక మర్యాద ఉంది. వెండి గ్లాసు మర్యాదలాగా అది ఫోటోల్లో రాలేదు, అంతే.

మరి నేరం ఎలా అయింది? మనందరికీ 1922 నాటి అల్లూరి పోరాటం తెలుసు. దానికి 43 ఏళ్ళ ముందే, 1879లో, అవే రంప కొండల్లో పెద్ద తిరుగుబాటు లేచింది. దానికి ఒక ముఖ్య కారణం కల్లు. కొండవాళ్ళు గీసుకునే కల్లు మీద మన్సబుదారు చిగురుపన్ను అని వసూలు చేసేవాడు. దానికి తోడు ప్రభుత్వం అబ్కారీ చట్టం తెచ్చి, ఇంటికోసం గీసుకోవడం కూడా తప్పు అంది. కల్లు హక్కుని కింది నుంచి వచ్చిన కాంట్రాక్టర్లకు ఇచ్చింది. తన చెట్టు కల్లు తను గీసుకుంటే దొంగ, వేలంలో పాడుకున్నవాడు అమ్మితే వ్యాపారి. అవతల బొంబాయి ప్రెసిడెన్సీలో ఇప్పపువ్వు మీదే 1892లో చట్టం చేశారు. ఇదంతా మన ఆరోగ్యం మీద ప్రేమతో కాదు. ఇంట్లో కాచుకుంటే ప్రభుత్వానికి పన్ను రాదు, అదీ సంగతి.

తెల్లవాళ్ళు పోయినా ఆ చూపు పోలేదు. షాపులో అమ్మే సీసాలని ప్రభుత్వ కాగితాల్లో ఏమంటారో తెలుసా? ఇండియన్ మేడ్ ఫారిన్ లిక్కర్. ఇక్కడే చేస్తారు, ఎక్కువ భాగం చెరకు మడ్డితో చేసిన స్పిరిట్, కానీ పేరు విదేశీ. దానికి లైసెన్సు ఉంది, గాజు సీసా ఉంది, లేబులు ఉంది. అడవిలో పువ్వుతో చేసినదానికి పేరు నాటుసారా, దానికి కేసు.

ఇలాగే ఉండాలని రూలేం లేదు. గోవాలో జీడిమామిడి పండుతో చేసే ఫెనీకి 2009లో జీఐ గుర్తింపు వచ్చింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2022లో ఇప్పసారాని హెరిటేజ్ లిక్కర్ అని పేరు పెట్టి, ఆదివాసీ సంఘాల చేత చేయించి అమ్మే పద్ధతి తెచ్చింది. ఒక రాష్ట్రంలో వారసత్వం, పక్క రాష్ట్రంలో నేరం. పువ్వు మాత్రం ఒకటే.

ఇక్కడిదాకా చదివి కొందరు అన్నలు, "కరెక్టు చెల్లీ, మన సారాకి కూడా బ్రాండు రావాలి" అని రాయబోతుంటారు. ఆగండి. రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నేను మా అమ్మ ముఖం చూడలేను.

మా చిన్నాన్న 38 ఏళ్ళకే పోయాడు. లివర్ పాడైంది. ఆయన తాగింది ఇప్పసారా కాదు, షాపు సీసాలు. మా ఊర్లో ఇప్పుడు పువ్వుతో కాసే ఇళ్ళు మూడో నాలుగో. బెల్టు షాపులు రెండు. పండుగకి మాత్రమే ఉండే తాగుడు రోజూ కూలి డబ్బులు పట్టుకుపోయే తాగుడు అయింది. చిన్నమ్మ ఇప్పుడు మిరప కోతలకి పోయి ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. ఆమె ముందు నిలబడి "సారా మన సంస్కృతి" అని నేను స్పీచ్ ఇవ్వలేను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు చదువు నేర్చుకునే బడిలో కూర్చుని సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్ 1 నుంచి సారా అమ్మకం ఆగింది, 1995లో మొత్తం మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఆ ఆడవాళ్ళ కోపం నిజమైంది. అది మన చిన్నమ్మల కోపం కూడా.

మరి ఏం చేయాలి? నా ఆలోచన మూడు మాటల్లో చెప్తాను.

మొదటిది, నిర్ణయం మన ఊరు తీసుకోవాలి. 1996 పీసా చట్టం నాలుగో సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తుపదార్థాలని నిషేధించాలన్నా, అమ్మకాన్నీ తాగుడినీ అదుపులో పెట్టాలన్నా గ్రామసభకీ పంచాయతీలకీ అధికారం ఇవ్వాలని. అదే సెక్షన్‌లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం గురించి కూడా ఉంది, ఇప్పపువ్వు అందులోదే. మన ఉమ్మడి రాష్ట్రంలో పీసా నియమాలు 2011లో వచ్చాయి. అంటే బెల్టు షాపు ఉండాలా వద్దా, పండుగ సారా సంగతి ఏంటి అని అడగాల్సింది ముందు గ్రామసభని. ఆ సభలో ఆడవాళ్ళు ముందు వరసలో కూర్చోవాలి. సీసాల బాధ ఎక్కువ మోసేది వాళ్ళే కాబట్టి. ఎండాకాలం సెలవులకి ఊరికి పోయినప్పుడు ఆ సెక్షన్‌ని తెలుగులో చదివి వినిపించడం మన పని. డిగ్రీ చదువు దానికి కూడా పనికిరాకపోతే ఎందుకు?

రెండోది, సిగ్గుపడటం మానేయాలి. తాగకపోవడం వేరు, సిగ్గుపడటం వేరు. నేను తాగను. కానీ మా అమ్మమ్మకి తెలిసిన విద్య గురించి ఎవరైనా నవ్వితే, నియరెస్ట్ గ్రీన్ కథ చెప్తాను. మొన్న మా రూమ్‌లో చెప్పాను కూడా. వీడియో చూస్తున్న అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి, "మరి మీ పువ్వు ఎలా ఉంటుందే, ఈసారి తీసుకురా" అంది. ఆ అడగడంలో నవ్వు లేదు.

మూడోది, పువ్వుని సీసా నుంచి విడదీసి చూడాలి. ఉట్నూరు వైపు మన గోండు అక్కలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. నేను పువ్వు తీసుకొచ్చి రూమ్‌లో ఒక షర్బత్ చేశాను. మింట్ జులెప్ పద్ధతే, విస్కీ లేకుండా. మీరూ చేసుకోవచ్చు, చిన్నపిల్లలకీ ఇవ్వొచ్చు.

గుప్పెడు ఎండు ఇప్పపువ్వు తీసుకోండి. లోపలి కేసరాలు నలిపి దులిపేసి, రెండు మూడుసార్లు కడగండి. రెండు గ్లాసుల నీళ్ళల్లో పావుగంట, ఇరవై నిమిషాలు మరగనిచ్చి వడకట్టండి. ముదురు రంగు తీపి నీళ్ళు వస్తాయి. చాలకపోతే చిన్న బెల్లం ముక్క వేయండి. చల్లార్చాక గ్లాసులో ఎనిమిది పది పుదీనా ఆకులు వేసి చెంచా వెనకతో మెల్లగా ఒత్తండి, నూరొద్దు. సగం నిమ్మకాయ పిండండి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి పగలగొట్టి వేయండి, లేకపోతే కుండ నీళ్ళు. ఇప్ప నీళ్ళు సగం గ్లాసు పోసి, మిగతాది మామూలు నీళ్ళతోనో సోడాతోనో నింపండి. పైన ఒక పుదీనా రెమ్మ. ఇప్పకి కొంచెం ఘాటు వాసన ఉంటుంది, కొత్తవాళ్ళకి పుదీనా, నిమ్మకాయ దాన్ని సర్దుతాయి. అప్పటికప్పుడు తాగేయండి. రాత్రంతా బయట పెడితే పులిసిపోతుంది, మళ్ళీ అదే కథ. సారా కాచే పద్ధతి మాత్రం అడగొద్దు, రాయను. అది కేసు సంగతే కాదు, తెలియనివాళ్ళు చేస్తే ప్రాణాలే పోతాయి.

చివరగా అందరికీ ఒక పని. టామ్ బులక్ పుస్తకం రాశాడు కాబట్టి ఆయన చేతి పని వందేళ్ళ తర్వాత ఒక హాస్టల్ రూమ్‌లో కూర్చున్న నాకు అందింది. నియరెస్ట్ గ్రీన్ గురించి ఇంట్లోవాళ్ళు చెప్పుకున్నారు కాబట్టి పేరు దక్కింది. మన అమ్మమ్మలు, తాతలు ఇంకా ఉన్నారు. ఈసారి ఇంటికి పోయినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. మీ ఊర్లో ఇప్పపువ్వుతో ఎన్ని రకాలు వండేవాళ్ళు? మొదటి పువ్వు ఏరేముందు ఏం చేసేవాళ్ళు, ఏ మాట అనేవాళ్ళు? మొదటి సీసా షాపు మీ ఊరికి ఎప్పుడు వచ్చింది? జవాబులు కోయలోనో, గోండీలోనో, కొండరెడ్ల మాటలోనో, వాళ్ళు ఎలా చెప్తే అలాగే ఈ గ్రూపులో రాయండి. చెప్పినవాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేరు కూడా పెట్టండి.

మా అమ్మమ్మ జవాబులు వచ్చే వారం నేను పెడతాను. ఇప్పటికి ఫోన్‌లో ఒక వంట మాత్రం చెప్పింది: ఇప్పపువ్వు, చింతగింజలు కలిపి ఉడకబెట్టడం. మీ దగ్గర కూడా ఉందా?